చిన్నాయన రెండో సగం

మొన్న బెంగుళూరులో మా చిన్నాయనకు మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి చూడటానికి వెళ్ళాను. కొత్త మోకాలు బాగానే పనిచేస్తోందనీ, మిగతా మనిషే దానికి ఇంకా అలవాటు పడలేదనీ డాక్టరు అన్నాడట. నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద కాలు చాపుకుని టీవీ ముందు ఉన్నాడు. ఆ సాయంత్రం ఏదో లీగు ఫుట్‌బాల్ మ్యాచి. ఆట ఇంకా మొదలుకాలేదు. కోట్లు వేసుకున్న నలుగురు గాజుబల్ల చుట్టూ కూర్చుని, కాసేపట్లో జరగబోయే మ్యాచిలో మనం ఏమేమి గమనించాలో చెబుతున్నారు. కుడివైపు ఆడే కుర్రవాడి వేగం గమనించాలట. మధ్యలో ఆడే విదేశీయుడి మడమ గమనించాలట. తెర మీద పసుపుపచ్చ బాణాలు గీసి, చెరిపి, మళ్ళీ గీశారు. ఆటగాళ్ళు ఆ బాణాల వెంటే పరిగెత్తుతారని వాళ్ళకు గట్టి నమ్మకం ఉన్నట్టుంది. చిన్నాయన రిమోటుతో శబ్దం తగ్గించి నావైపు తిరిగాడు. "ఈ పని నువ్వు కోటు లేకుండానే చేసినావు గదరా అబ్బయ్యా," అన్నాడు. "వీళ్ళకన్నా గట్టిగా అరిసినావు గూడా."

నిజమే, చేశాను. ఎనభైల్లో, ధర్మపురిలో, పైన రెండు మైకు గొట్టాలు కట్టిన ఒక అద్దె కారులో కూర్చుని, రాబోయే ఫుట్‌బాల్ మ్యాచిలో ఏమేమి చూడాలో మూడు రోజులపాటు జనానికి చెప్పాను. అప్పటికి నేను జీతం తీసుకుని ఆడేవాళ్ళ ఆట ఒక్కటీ చూసి ఉండలేదు. బి.ఏ. చరిత్ర చదువుతున్నాను కనుక, చూడనివాటి గురించి ధైర్యంగా మాట్లాడటం అప్పటికే అలవాటైంది.

మా ఇల్లు ఊరి బయట, పాపారపట్టి వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మనవాళ్ళు ఈ ప్రాంతానికి ఎప్పుడు వచ్చారని తాతను అడిగితే, "ఎద్దులు తోలుకోని వచ్చినాము" అనేవాడు. ఎందుకు వచ్చారని అడిగినా అదే జవాబు. వందల ఏళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నా మా ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. నేను కూడా ఉద్యోగంలో చేరాక, రైలు ఆగిన చోటల్లా స్టేషన్ల పేర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. అందువల్ల ఈ అధ్యాయం మావాళ్ళెవరూ చదవలేరు. ఉన్నదున్నట్టు రాయటానికి ఇంత మంచి వసతి మరో రచయితకు దొరికి ఉండదు.

మా ఇంట్లో పొద్దు పశువుల కొట్టంలో పొడిచేది. తాత లేవగానే మొదట ఎద్దు మొహం చూసేవాడు, తర్వాత అవ్వ మొహం. ఈ వరస ఏమిటని అవ్వ పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగిందట. జవాబు విన్నాక మళ్ళీ అడగలేదట. పొయ్యి మీద పెద్ద కుండలో ఉలవలు ఉడుకుతుండేవి. ఆ వాసనా, ఎద్దు మెడకు రాసే ఆముదం వాసనా, తడిసిన పేడ వాసనా కలిసి ఇల్లంతా ఒకే ఒక వాసనగా ఉండేది. కాలేజీకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళినా నా పక్క బెంచీ వాడు కొంచెం జరిగి కూర్చునేవాడు. ఉడికిన ఉలవలు ఎద్దుకు, ఉడికించిన నీళ్ళు మాకు చారు. ఆ పంపకంలో మంచి భాగం ఎవరికి వచ్చేదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ చారు పోసుకుని సంగటి ముద్ద మింగుతుంటే, గోడకు అవతల ఎద్దు నములుతున్న చప్పుడు వినిపించేది. మేం ఒకే పంక్తిలో భోంచేస్తున్నట్టే ఉండేది.

కోతలయ్యాక మా వైపు ఊళ్ళలో ఎద్దుల పరుగు పెడతారు. వీధికి రెండు పక్కలా జనం గోడల్లా నిలబడితే, మధ్యలోంచి ఒక్కొక్క ఎద్దును వదులుతారు. అది ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తాలి, అంతే. ఎవరినీ పొడవక్కర్లేదు, దేన్నీ గెలవక్కర్లేదు. ఆ పరుగు అందమే అందం. ఆ చివర కాచుకుని ఉన్న యజమాని దాన్ని పట్టుకుని, మెడలో దండ వేసి, నుదుటికి పసుపు రాసి, పక్కవాళ్ళతో మాట కూడా కలపకుండా ఇంటికి తోలుకుపోతాడు. ఒకసారి బాగా పరిగెత్తిన ఎద్దును ఆ రోజు రెండోసారి వదలకూడదని మా తాత నియమం. ఊరి కళ్ళన్నీ దాని మీద పడ్డాక మళ్ళీ వదిలితే కాలు విరుగుతుందంటాడు. ఆయన మాటను ఊళ్ళో అందరూ పాటించేవాళ్ళు. ఎద్దుల విషయంలో తాతతో వాదించినవాణ్ణి నేను చూడలేదు. మిగతా విషయాల్లో తాతతో ఏకీభవించినవాణ్ణి కూడా చూడలేదు.

చిన్నాయన పేరు గోవిందరాజు. తాతకు కడగొట్టు కొడుకు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పగలు మా నాన్నతో పాటు కట్టడాల పనికి పోయి ఇనుప కమ్మీలు వంచేవాడు. సాయంత్రం స్కూలు గ్రౌండులో వట్టి కాళ్ళతో ఫుట్‌బాల్ ఆడేవాడు. ఎడమవైపు వెనకాల నిలబడి, వచ్చినవాడి దగ్గర బంతి లాక్కోవడం ఆయన పని. ఆ పనిలో ఆయనకు ఊళ్ళో పోటీ లేదు. బతుకుతెరువుకు మాత్రం అది ఎందుకూ పనికిరాదని అనుకుంటూ ఉండగా, బెంగుళూరు నుంచి ఒక ఫ్యాక్టరీ టీము మా ఊరి పదకొండు మందితో ఆడటానికి వస్తోందని తెలిసింది. వాళ్ళు ఆటకు జీతం తీసుకునేవాళ్ళు. రికార్డుల ప్రకారం లేతు మిషన్ల దగ్గర పనిచేస్తారు. మిషన్లకు వాళ్ళ మొహాలు తెలియవు. వాళ్ళ ఎడమవైపు వెనక ఆడేవాడు ఆట మానేశాడనీ, ఆ చోటికి మేనేజరు మనిషిని వెతుకుతున్నాడనీ కూడా కబురొచ్చింది. మేనేజరు ఊఁ అంటే చిన్నాయనకు పక్కా ఉద్యోగం. అనకపోతే సోమవారం పొద్దున మళ్ళీ కమ్మీలు. ఇంత సూటిగా ఉండే ప్రశ్నపత్రం నాకు కాలేజీలో ఎప్పుడూ ఇవ్వలేదు.

మ్యాచి ఏర్పాటు చేసింది సౌండ్ సర్వీసు షణ్ముగం. పెళ్ళిళ్ళకూ చావులకూ ఒకే మైకు సెట్టు, ఒకే రకం శ్రద్ధతో అద్దెకిచ్చే మనిషి. ఆయన నన్ను కారులో కూర్చోబెట్టి మైకు చేతికిచ్చాడు. "రేయ్ కాలేజీ, జనానికి బంతి తెలుసు, కాలు తెలుసు. దీనికి అరపూట పని మానుకుని ఎందుకు రావాలంటారు. వస్తే ఏం చూడొచ్చో చెప్పు," అన్నాడు. ఆయన అన్నది తమిళంలో. నా అనువాదంలో కొంచెం మర్యాద పెరిగి ఉండవచ్చు.

చెప్పాను. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. బెంగుళూరువాళ్ళ బూట్లు చూడండి అన్నాను. వాళ్ళ గోల్‌కీపరు ఎత్తు చూడండి, గేటు అక్కర్లేని మనిషి అన్నాను. తలతో బంతిని కొట్టేవాణ్ణి చూడండి, తర్వాత ఆ తల పరిస్థితి కూడా చూడండి అన్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా మన గోవిందరాజును చూడండి, ఎడమవైపు రోడ్డు పక్కన నిలబడితే బాగా కనిపిస్తాడు అన్నాను. పాపారపట్టి సంతలో శనక్కాయలు అమ్మే ఒక ముసలామె కారు ఆపి, "ఎద్దు ఏ రంగు నాయనా?" అని అడిగింది. కంబైనల్లూరులోనూ అదే ప్రశ్న. మైకు కారు వచ్చిందంటే మావాళ్ళకు ఎద్దుల పరుగే. ఎద్దు కాదు, మా చిన్నాయన అని అక్కడ అడిగినామెకు చెప్పాను. "అదే, ఏ రంగు?" అంది. తొప్పూరు దాకా పోయాం. అక్కడ కనుమ ఎక్కే లారీల హారన్ల ముందు నా గొంతు ఎవరికీ వినిపించలేదు. షణ్ముగం మాత్రం అక్కడే బాగా చెప్పానన్నాడు.

ఇంట్లో ఏర్పాట్లు వేరుగా జరుగుతున్నాయి. తాత కొడుకును పరుగుకు సిద్ధం చేసే బాధ్యత తీసుకున్నాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే. తెల్లవారగానే చిన్నాయనను ఏటి ఇసుకలో ఉరికించేవాడు. ఎండ ఎక్కేలోపల బావిలో ఈత కొట్టించేవాడు. తర్వాత ఆముదంతో పిక్కలు రుద్దేవాడు. పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, చెంబుతో ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు ఉలవలు కూడా ఇటు తిరిగాయి. చిన్నాయన పళ్ళెంలో గుగ్గిళ్ళు కనిపించిన రోజున ఎద్దు కట్టుగొయ్యను కొమ్ములతో కుమ్మింది. షణ్ముగం అరువు తెచ్చి ఇచ్చిన బూట్లు తాత తిరగేసి చూశాడు. అడుగున వరసగా ఉన్న మేకుల్లాంటి బుడిపెలను వేలితో తడిమాడు.

"లాడాలు గూడా కొట్టిచ్చినారే," అన్నాడు.

"జారకుండా నైనా," అన్నాడు చిన్నాయన.

"తెలుసులేరా. నీకు ముందు మూడు ఎద్దులకు కొట్టిచ్చినా."

"వాటికి నాలుగు కాళ్ళు. జారినా ఇంకా రెండు మిగుల్తాయి."

అవ్వ పొయ్యి దగ్గర నుంచే, "వాని నోరు బాగుంది. బూట్లు నోటికి ఏసి పంపీ," అంది. తాతతో ఆమె నేరుగా మాట్లాడేది తక్కువ. చెప్పదల్చుకున్నది గోడకో, గిన్నెకో చెప్పేది. అది తాతకు అందేది.

మ్యాచికి ముందురోజు మధ్యాహ్నం బెంగుళూరు టీము వచ్చి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగింది. తాత నన్ను వెంటబెట్టుకుని పోయాడు. సంతకు పోయేటప్పటి తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆటగాళ్ళు వరండాలో బనీన్లతో కూర్చుని పేకాడుకుంటున్నారు. తాత ఎవరినీ పలకరించలేదు. ఒక్కొక్కడి వెనకకూ వెళ్ళి నిలబడి, నడుము నుంచి మడమల దాకా తీరిగ్గా చూశాడు. దొడ్డికాళ్ళ పొట్టి మనిషి ఒకడు ఉంటే, "లేచి నాలుగడుగులు నడువబ్బా," అన్నాడు. అతను నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అతను నడిచాడు. తాత తల అడ్డంగా ఊపాడు. "వీడు పనికిరాడు. ఆ నల్ల రింగుల జుట్టోణ్ణి చూడు, వాడు పరిగెత్తుతాడు. చిన్నోడు వాణ్ణి పట్టుకుంటే చాలు," అన్నాడు. మర్నాడు ఆ దొడ్డికాళ్ళ మనిషి మూడు గోల్స్ కొట్టాడనీ, రింగుల జుట్టువాడు ఇద్దరిని తొక్కి తానూ పడ్డాడనీ ముందుగానే చెప్పేస్తున్నాను.

మేనేజరు అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. నెరిసిన మీసాల పెద్దమనిషి. కన్నడం వాసన వేసే తమిళం మాట్లాడేవాడు. ఈ తనిఖీ ఏమిటని అడిగాడు. మీరు చూడబోయే ఎడమవైపు ఆటగాడి తండ్రి సార్ అన్నాను. ఆయన నవ్వి, "నేను కూడా ఇదే పని చేస్తాను, కాని వెనక నుంచి కాదు," అన్నాడు. మరి ఏం చూస్తారు సార్ అని అడిగాను. ఈ ఒక్క ప్రశ్నతో నా మూడు రోజుల అజ్ఞానం తీరుతుందని ఆశ. "మొదటి సగం నేను చూడను. ఒళ్ళో పేపరు పెట్టుకుంటాను. ఉత్సాహం ఉన్నవాడెవడైనా మొదటి సగం ఆడతాడు. రెండో సగంలో, ఒళ్ళు చెప్పినట్టు విననప్పుడు, మనిషి ఏం చేస్తాడో అది చూస్తాను," అన్నాడు. తాత అప్పుడు గోల్‌కీపరు పిక్క దగ్గర వంగి ఉన్నాడు. ఈ మాట ఆయన చెవిన పడలేదు.

నేను ఇంటికొచ్చి చిన్నాయనకు చెప్పాను. ఆయన బావి గట్టు మీద కూర్చుని పిక్కల ఆముదం సబ్బుతో కడుక్కుంటున్నాడు. "రెండో సగమా," అన్నాడు. సబ్బు పక్కన పెట్టి, "అయితే మొదట్లో మెల్లిగా ఆడల్లా?" అన్నాడు. నాకు తెలీదన్నాను. "మూడు దినాలుగా మైకులో ఊరందరికీ చెప్తివి. నాకు చెప్పేతప్పటికి తెలీదంటావే." ఆయన నవ్వలేదు. మూడేళ్ళుగా కమ్మీలు వంచిన అరచేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లించి చూసుకుంటున్నాడు.

ఆదివారం గ్రౌండు నిండింది. నేను మైకు బల్ల దగ్గర, పక్కన షణ్ముగం, కొంచెం అవతల నిజంగానే ఒళ్ళో పేపరుతో మేనేజరు. ఎడమవైపు రోడ్డు పక్కన మా ఊరివాళ్ళంతా రెండు వరసల్లో నిలబడ్డారు. నేను చెప్పిన చోటే, ఎద్దుల పరుగుకు నిలబడ్డట్టే, మధ్యలో దారి వదిలి. పంబ వాయించేవాళ్ళు కూడా వచ్చారు. ఎవరు పిలిచారో తెలియదు. మావైపు వాళ్ళను పిలవక్కర్లేదు, ఆపటమే కష్టం.

చిన్నాయన మెల్లిగా ఆడలేదు. ఆడలేకపోయాడు. పంబ మోగుతుంటే మెల్లిగా ఆడటం ఆయన ఒంట్లో లేదు. వచ్చినవాడి దగ్గరల్లా బంతి లాగాడు. మొదటి సగం చివర్లో మాత్రం ఎవరూ అనుకోని పని చేశాడు. మా గోలు ముందు నుంచి బంతి తీసుకుని, గీత వెంట, సరిగ్గా మా ఊరివాళ్ళు వదిలిన దారి పక్క నుంచి, ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తాడు. ముగ్గురు అడ్డం వచ్చారు, ముగ్గురూ వెనకే మిగిలిపోయారు. జనం తువ్వాళ్ళు గాల్లోకి విసిరారు. పంబవాళ్ళు వెనక పరిగెత్తారు. చివర్న కొట్టిన బంతి గోలు కొయ్యకు తగిలి బయటికి పోయింది. ఆ సంగతి మావాళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళు చూడటానికి వచ్చింది పరుగును. అది అయింది. సరిగ్గా అప్పుడే రెఫరీ సగం ఆట అయినట్టు విజిల్ ఊదాడు.

తాత గ్రౌండులోకి నడిచి వచ్చాడు. చేతిలో చామంతి దండ, ఇంకో చేతిలో పసుపు ముద్ద. చిన్నాయన మెడలో దండ పడింది, నుదుట పసుపు పడింది. తాత ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"పరుగు అయిపాయ. పద ఇంటికి."

"నైనా, ఇంకా సగం ఉంది."

"ఎవురికి?"

"అందురికీ నైనా. నాకు గూడా."

"అందురూ ఆడుకోనీ. నువ్వు పరిగెత్తినావు గదా. ఊరు కళ్ళన్నీ నీ మిందే ఉండాయి. ఇంక ఇక్కడ నిలబడకూడదు."

"నైనా, ఆ మేనేజరు ఇప్పుడే గదా చూసేది..."

"చూసినాడులే. గుడ్డోడు గూడా చూసినాడు."

కన్నతండ్రి చెయ్యిని ఊరందరి ముందు విదిలించుకునే కొడుకులు అప్పట్లో మా వైపు తయారు కాలేదు. ఇంకో మాట వచ్చేలోపల నలుగురు ఆయన్ను భుజాల మీదికి ఎత్తేశారు. పంబ ముందు, చిన్నాయన మధ్యలో, తాత పక్కన, జనం వెనక. ఊరేగింపు గేటు దాటి పాపారపట్టి రోడ్డెక్కింది. భుజాల మీద నుంచి చిన్నాయన నావైపు తిరిగి ఏదో అరిచాడు. పంబలో కలిసిపోయింది.

నేను మైకులో, "గోవిందరాజు ఎక్కడున్నా వెంటనే గ్రౌండుకు రావాలి" అన్నాను. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల కోసం షణ్ముగం వాడే వాక్యం అది, నోటికొచ్చింది. మేనేజరు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఇప్పుడు చూడటానికి సిద్ధంగా ఉన్నాడు.

"మీ ఎడమవైపు మనిషి ఏడి?" అన్నాడు.

"ఇంటికి తీసుకుపోయారు సార్."

"దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. బాగా ఆడాడు."

ఆయన నన్ను కొంచెంసేపు చూశాడు. ఎన్నో ఊళ్ళలో ఆడించిన మనిషి, ఇలాంటి కారణం వినటం మొదటిసారి అనుకుంటాను. రెండో సగం పదిమందితో మొదలైంది. దొడ్డికాళ్ళ మనిషి ఖాళీగా ఉన్న ఎడమవైపు నుంచి షికారు పోయినట్టు పోయి గోలు కొట్టాడు. నేను మైకు షణ్ముగానికిచ్చి, ఎవరిదో సైకిలు తీసుకుని బయల్దేరాను.

ఊరేగింపు నూనె మిల్లు దగ్గర దొరికింది. దొరికింది అనటం కన్నా ఆగిపోయి ఉంది అనాలి. ఎదురుగా రోడ్డు మధ్య అవ్వ నిలబడి ఉంది. పాలు పితికి, కుడితి పెట్టి, రెండో సగానికైనా అందుకుందామని మజ్జిగ చెంబుతో నడిచి వస్తోంది. పంబ ఆగింది.

"అయిపాయనా అప్పుడే?" అంది అవ్వ, తాతను కాదు, చెంబును.

"బాగా పరిగెత్తినాడు. తోలుకోని వస్తా ఉండాము," అన్నాడు తాత.

"అయిపోలేదవ్వా, సగమే అయింది," అన్నాను సైకిలు దిగుతూ. "మేనేజరు ఇప్పుడే చూస్తున్నాడు. చిన్నాయన లేడు."

అవ్వ భుజాల మీద ఉన్న కొడుకును చూసింది. ఆయన మెడలో దండ, కళ్ళలో నీళ్ళు. మా ఇంట్లో మగవాళ్ళు ఏడవటం ఎప్పుడూ చూడలేదేమో, మోస్తున్నవాళ్ళు మెల్లిగా దించేశారు. అప్పుడు అవ్వ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తెలిసి మొదటిసారి, నలుగురిలో నేరుగా తాతతో మాట్లాడింది.

"ఎద్దుకు నోరు లేదు, దానికి సుస్తయిందేమో అని మనమే తెలుసుకుంటాము. వీనికి నేను నోరు పెట్టి కన్నాను గదా. అడిగినావా వాణ్ణి?"

తాత అడగలేదు. అడగాలని తోచలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది. ఆ ప్రేమకు అడిగే అలవాటు లేదు. కాసేపు బూట్ల వైపు చూసి, "ఇంకోతూరి పరిగెత్తుతావా?" అన్నాడు.

"పరిగెత్తుతా నైనా."

"కాలు ఇరిగితే?"

"ఇరిగితే కమ్మీలు వంచేదానికి చేతులుండాయి గదా నైనా. కాళ్ళతో పని ఈడనే."

తాత దండ తానే తీశాడు. పసుపు మాత్రం తుడవలేదు. "పో," అన్నాడు. చిన్నాయన నా సైకిలు వెనక ఎక్కాడు. నేను నాలుగు తొక్కులు తొక్కానో లేదో, "నువ్వు దిగు సామీ, రేపు చేరుస్తావు," అని నన్ను వెనక కూర్చోబెట్టి తానే తొక్కాడు. బూట్ల బుడిపెలు పెడళ్ళ మీద టకటకమంటుంటే నేను క్యారియరు పట్టుకుని, జరగబోయే ఆట గురించి నాకేమీ తెలియదన్న సత్యాన్ని పూర్తిగా ఒప్పుకున్నాను.

ఆట చివరి భాగమే మిగిలి ఉంది. చెప్పకుండా బయటికి పోయి వచ్చిన ఆటగాడికి పసుపు కార్డు చూపించాలని రెఫరీకి తెలుసు. ఆయన దగ్గర కార్డు లేదు. చిన్నాయన నుదురు చూసి, ఇది చాలులే అనుకున్నట్టున్నాడు, లోపలికి పొమ్మన్నాడు. దొడ్డికాళ్ళ మనిషి వచ్చాడు. చిన్నాయన అతని మీదికి దూకాడు. అతను ఎడమకు వంగినట్టు నటించి కుడికి పోయాడు. ఇంకోసారి వచ్చాడు, ఇంకోసారి అదే జరిగింది, గోలు కూడా అయింది. మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం చిన్నాయన దూకలేదు. పంబ లేదు, జనం రోడ్డు మీద నుంచి ఇంకా తిరిగి రాలేదు, గ్రౌండు నిశ్శబ్దంగా ఉంది. మోకాళ్ళు వంచి, వెనక్కి వెనక్కి జరుగుతూ, ఆ మనిషి కళ్ళు కాక నడుము చూస్తూ ఓపికగా ఉన్నాడు. అతను ఎడమకు వంగాడు. చిన్నాయన కదల్లేదు. అతను కుడికి తిరిగాడు. అక్కడ చిన్నాయన కాలు ఉంది. ఇంకేమీ అద్భుతం జరగలేదు. మేం చిత్తుగా ఓడిపోయాం.

మేనేజరు మైకు బల్ల దగ్గరికి వచ్చాడు. అప్పటికి తాత, అవ్వ, ఊరేగింపులో సగం మంది చేరారు. చిన్నాయన ఒగర్చుతూ నిలబడ్డాడు. "రెండో సగంలో మనిషి అలిసిపోయాక ఎలా ఉంటాడో చూస్తానని చెప్పాను. నువ్వు అలిసిపోవటానికి టైమే ఇవ్వలేదు," అన్నాడు మేనేజరు. చిన్నాయన తల వంచుకున్నాడు. "కాని రెండుసార్లు మోసపోయి, మళ్ళీ మోసపోలేదు. నా దగ్గర జీతం తీసుకునేవాళ్ళలో కొందరు ఇంకా మోసపోతూనే ఉన్నారు. వచ్చే నెల రా. కొన్నాళ్ళు చూస్తాను. మీ నాన్నగారు ఒప్పుకోవాలి కదా, ఈసారి ఆట మధ్యలో నిన్ను తీసుకుపోవటానికి బెంగుళూరుకు రాగలరా ఆయన?"

అందరూ తాత వైపు చూశారు. తాత మేనేజరు ముందుకు వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. ఆయన కుడిచెయ్యి పట్టుకుని రెండు చేతుల మీదా తువ్వాలు కప్పాడు. సంతలో పశువుల బేరం అలాగే చేస్తారు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. చిన్నాయన, "నైనా, అట్లా చేసేది గాదు..." అని సణిగాడు. అవ్వ ఆయన చెయ్యి గిల్లి ఊరుకోమంది. మేనేజరుకు ఏం తెలిసిందో, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చాలాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూస్తూ నిలబడ్డారు. చివరికి మేనేజరు "సరే" అన్నాడు. తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పశువులకు మేత వేసే వేళయిందని వెళ్ళిపోయాడు.

తాత ఏం అడిగి ఉంటాడన్నదాని మీద ఊళ్ళో చాలాకాలం చర్చ జరిగింది. పండగలకు పంపాలని అడిగాడన్నారు కొందరు. రోజూ ఉలవలు పెట్టాలని అడిగాడన్నారు ఇంకొందరు. తాతను అడిగితే, తువ్వాలు కింద మాట బయట చెప్పేది కాదనేవాడు. చెప్పకుండానే పోయాడు. చిన్నాయన ఆ టీముకు చాలా ఏళ్ళు ఆడాడు. మోకాలు మొరాయించాక లేతు మిషన్ దగ్గరికి కూడా వెళ్ళాడు. రికార్డుల్లో ఉన్న పని నిజంగా చేసిన మొదటి ఆటగాడు ఆయనేనంటారు. ఇప్పుడు కుర్రవాళ్ళు సంతకాలు పెట్టేటప్పుడు ఫోటోలు తీస్తారు, పక్కన వకీళ్ళు ఉంటారు, షరతులు పేజీలకొద్దీ ఉంటాయి. మంచిదే. ఎవరి హక్కులు వాళ్ళకు రాతపూర్వకంగా ఉండాలి. నేను కూడా జీవితమంతా కాగితాల మధ్యే బతికాను, వాటి విలువ తెలుసు. మా చిన్నాయన సంగతి మాత్రం ఒక తువ్వాలు కింద తేలింది, అక్కడ ఏం రాసి ఉందో ఎవరికీ తెలియదు అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

మొన్న టీవీలో మొదటి సగం నడుస్తుండగా అదే అన్నాను. చిన్నాయన కొత్త మోకాలు నిమురుకుంటూ, "నేను అడిగినానురా," అన్నాడు. మేనేజరు రిటైరైన రోజున, దండలూ ఉపన్యాసాలూ అయ్యాక, ఆయన్ను బస్సెక్కించబోయి అడిగాడట. ఆ రోజు మా నైనా మీ చేతిలో ఏం అడిగినాడు సార్ అని.

"ఏమీ అడగలేదు గోవిందూ," అన్నాడట ఆయన. "వేళ్ళు నొక్కుతాడేమో, లెక్క తప్పుతానేమో అని నేను భయపడుతూ ఉన్నాను. ఒక్క వేలూ నొక్కలేదు. ఊరికే పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతూ ఉంది."

"మరి సరే అని దేనికన్నారు సార్?"

"ఇంకేమనమంటావు?"